గట్టు మీద నలుగురు



ఈసారి వాక్యధ్యానం కాకుండా కొంచెం చరిత్ర రాస్తున్నాను. దీనికి కారణం మన సంఘంలోని ఒక సహోదరి అడిగిన ప్రశ్న. ఆమెను అడిగే రాస్తున్నాను. పేరు, ఊరు మాత్రం రాయడం లేదు.

ఆమె ఆశా కార్యకర్త. 2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటింటికీ జ్వర సర్వే జరిగిన రోజులు. తలుపు తీయడానికి కూడా జనం భయపడుతుంటే, ఆమె మందుల కిట్ల సంచి భుజాన వేసుకుని గడప గడప తిరిగింది. తాను కిట్ ఇచ్చి వచ్చిన ఇళ్ళలో కొన్నింటికి వారం తిరగకముందే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది, మరణం రాసుకోవడానికి. ఆ కాలమంతా ఆమె ఒక్కరోజు మానలేదు. అంతా సర్దుకున్న ఏడాదికి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఆగి నన్ను అడిగింది.

"అయ్యగారూ, నాకు ఏడుపు వస్తలేదు. ఎవరు చనిపోయిన్రని విన్నా ఏమనిపిస్తలేదు. మొన్న మా పెద్దనాయన పోయిండు, అప్పుడు కూడా రాలే. నా విశ్వాసం తక్కువైందా?"

నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. "ఉపవాసముండి ప్రార్థన చెయ్యమ్మా, ప్రభువు బలపరుస్తాడు" అన్నాను. ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు ఆదివారాలు గుడికి రాలేదు.

ఆ జవాబు ఎందుకిచ్చానో నాకు తెలుసు. అదే రోగం నాకూ ఉంది, ఒప్పుకోలేదు, అంతే. ఆ వేసవిలో నేను చేసిన భూస్థాపనలు కొన్ని నలుగురే మనుషులతో జరిగాయి. పాట లేదు, ఏడ్చేవాళ్ళు లేరు, సమాధి దగ్గర ప్లాస్టిక్ సూట్లలో ఉన్నవాళ్ళలో కొడుకెవరో కూడా తెలియదు. ఆ తర్వాత చాలాకాలం ఫోన్ మోగితే ఎత్తబుద్ధి అయ్యేది కాదు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళి ప్రార్థన చేస్తుంటే నా మాటలు నాకే రికార్డు వేసినట్టు వినబడేవి. ఆదివారం ప్రసంగం బాగుందనేవాళ్ళు. సోమవారం మంచం మీద నుంచి లేవలేకపోయేవాణ్ణి. మా అమ్మగారు, అంటే నా భార్య, ఒకరోజు అంది: "మీరు అందరితో మెత్తగా మాట్లాడుతరు, ఇంట్లోనే మాటలేదు."

ఆ సహోదరికి ఇవ్వాల్సిన సరైన జవాబు కోసం వెతికితే అది మన సంఘాల చరిత్రలోనే దొరికింది. అదీ మనమంతా కంఠస్థంగా చెప్పుకునే ఒక రోజు చరిత్రలో.

ఆ రోజు 1878 జూలై 3. గుండ్లకమ్మ ఏటి ఒడ్డున, ఒంగోలుకు సుమారు పది మైళ్ళ దూరంలో వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బాప్టిస్టు కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు ఈ అంకె సండే స్కూల్ నాటి నుంచే తెలుసు. శతాబ్ది సభల్లో, ఉజ్జీవ కూడికల్లో దీన్ని చెప్పి "అటువంటి సేవకులు ఇప్పుడు ఎక్కడున్నారు" అంటాం. నేనూ అన్నాను. అలా అన్నప్పుడల్లా వింటున్న యువ సేవకుల ముఖాలు కొంచెం వాడిపోతాయి. ఆ ఏటి ఒడ్డున నిజంగా ఏం జరిగిందో, అంతకు ముందు ఎవరెవరు కూలబడ్డారో చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పడం వల్ల వచ్చే వాడిపోవడం అది.

మొదటినుంచి చెప్తాను. అమెరికన్ బాప్టిస్టుల పక్షాన తెలుగువారి దగ్గరికి వచ్చిన మొదటి మిషనరీ శామ్యూల్ డే దొరగారు. 1836లో వచ్చారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరులో నిలిచారు. వచ్చిన సుమారు పదేళ్ళకు ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని ఓడెక్కి అమెరికా వెళ్ళిపోయారు. ఫలం చూద్దామంటే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది విశ్వాసులు. ఈ మిషను మూసేద్దామా అని అక్కడ పెద్దలు చర్చించారు. డే గారు ఒప్పుకోలేదు. 1849లో జ్యూయెట్ దంపతులను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు. నాలుగేళ్ళకు మళ్ళీ శరీరం లొంగిపోయింది. 1853లో వెళ్ళినవారు ఇక తిరిగి రాలేదు. 1878 నాటి కోత చూడకుండానే 1871లో చనిపోయారు.

అదే 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో మళ్ళీ అదే చర్చ. పటం మీద ఒంటరిగా కనబడే ఒక్క చుక్క కాబట్టి నెల్లూరుకు "ఒంటరి నక్షత్రం" అనే పేరు పడింది అప్పుడే. ఇక్కడ లైమన్ జ్యూయెట్ గారు ఆ చర్చ ఎలా తేలుతుందో తెలియకుండానే పనిలో ఉన్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఈ కొండ మీద ఆయన ఒక్కడే మోకరించినట్టు మనం ఊహించుకుంటాం. అక్కడున్నది ఐదుగురు. ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు: నర్సు అనే సహోదరుడు, జూలియా, రూతు అనే ఇద్దరు సహోదరీలు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. మీలో కొందరు చూసే ఉంటారు.

ఈ జ్యూయెట్ గారికీ 1862లో ఆరోగ్యం చెడింది. ఆయనా ఓడెక్కారు. వెళ్ళినవాడు బతికి వస్తాడా అన్నంత స్థితి. విశ్రాంతి తీసుకున్నారు, వైద్యం చేయించుకున్నారు. 1865లో తిరిగి వచ్చేటప్పుడు తన పక్కన ఒక యువకుణ్ణి తెచ్చారు. ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ. 2,222 అనే అంకె పక్కన మనం రాసే పేరు ఇదే. కానీ ఆ పేరు ఒంగోలు చేరడానికి ముందు ఇద్దరు మనుషులు మూడుసార్లు కూలబడ్డారు, మూడుసార్లూ పని ఆపి వెళ్ళిపోయారు. జ్యూయెట్ గారు విశ్రాంతి కోసం వెళ్ళకపోతే క్లౌ గారు ఆ ఓడలో వచ్చేవారా? మనం ఏ సాక్ష్యంలోనూ చెప్పని భాగం ఇది.

క్లౌ గారు సేవకుడు కాకముందు భూములు కొలిచే సర్వేయరు. ఆ పనికి ఇక్కడ అక్కర వస్తుందని ఆయన అనుకుని ఉండరు. 1876లో వాన పోయింది. ధాత సంవత్సరం కాబట్టి మన పెద్దలు ధాత కరువు అన్నారు. 1876 నుంచి 1878 దాకా దక్షిణ భారతమంతా ఎండిపోయింది. ఆకలితో, దాని వెంటే వచ్చిన కలరాతో, జ్వరాలతో అర కోటికి పైగా జనం చనిపోయారని చరిత్రకారులు లెక్క కడతారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కూలిని తగ్గించి, రోజంతా పనిచేసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే మన అర కిలో కంటే తక్కువ. ఆ తిండితో మట్టి తవ్వాలి.

తవ్వినవాటిలో ఒకటి సముద్రం పక్కగా వెళ్ళే బకింగ్‌హామ్ కాలువ. మన హాలియా వాళ్ళకు కాలువ తవ్వకం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్ళు వదిలే దాకా, తట్ట నెత్తిన పెట్టుకుని మట్టి మోసినవాళ్ళు మన తాతలు, అవ్వలు. వాళ్ళ మాటలు విన్న మనకు ఒంగోలు తీరంలో ఏం జరిగిందో కళ్ళకు కడుతుంది. క్లౌ గారు ఆ కాలువలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నారు. చందాలు పంచుతూ కూర్చోకుండా, తనకు తెలిసిన పనిని చేతిలోకి తీసుకున్నారు. ఆకుల పాకలతో అక్కడ ఒక ఊరే లేచింది. పల్లెల్లో సువార్త చెప్పే తెలుగు బోధకులను ఆయన పని చూసే మేస్త్రీలుగా పెట్టారు.

ఆ బోధకుల గురించి ఆలోచించండి. వాళ్ళలో చాలామంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. చచ్చిపోతున్నది వాళ్ళ సొంత జనమే. తవ్వకం దగ్గరికి నడిచి వచ్చేవాళ్ళలో కొందరు దారిలోనే పడిపోయేవాళ్ళు. వచ్చినవాళ్ళకు పార ఎత్తే బలం ఉండేది కాదు. బోధకుడు పగలు కూలి లెక్క చూడాలి, మట్టి కొలవాలి, జబ్బుపడినవాళ్ళను చూడాలి, చనిపోయినవాళ్ళను పూడ్చాలి. తవ్వేవాళ్ళు కాసేపు సేద తీరడానికి కూర్చుంటే వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడాలి. ఆ కాలమంతా బోధకులు మళ్ళీ మళ్ళీ చెప్పిన వచనం మత్తయి 11:28 అని క్లౌ గారు జ్ఞాపకం చేసుకున్నారు. భారం మోసేవాళ్ళను తన దగ్గరికి రమ్మని ప్రభువు పిలిచిన వచనం అది. నెత్తిన తట్ట ఉన్నవాడికి దాని అర్థం వివరించాల్సిన పని ఉండదు. కానీ దాన్ని రోజుకు నలభైసార్లు చెప్పిన బోధకుడికి విశ్రాంతి ఎవరిచ్చారు? ఆయన తన కళ్ళతో చూసిన వాటిని ఎక్కడ దించుకున్నాడు? మన చరిత్ర పుస్తకాలు ఈ ప్రశ్న దగ్గర ఆగవు. నేను ఆగాను, ఎందుకంటే మన ఆశా సహోదరి కూడా ఆ బోధకుడి చోటే నిలబడింది. మిషనరీకి ఓడ ఉంది. బోధకుడికి లేదు. ఆమెకూ లేదు.

దొరికినంత వరకు జవాబు రెండు చోట్ల కనబడుతుంది.

ఒకటి, మూడు నెలల కూడిక. క్లౌ గారి కాలంలో పల్లెల్లో పనిచేసే బోధకులందరూ మూడు నెలలకొకసారి ఒంగోలు వచ్చి కొన్ని రోజులు కలిసి ఉండేవాళ్ళు. ఇది కేవలం రిపోర్టు ఇచ్చే మీటింగు అనుకునేవాణ్ణి. మన కాలంలో అలాగే తయారైంది కూడా: ఎన్ని బాప్తిస్మాలు, ఎంత కానుక, సంతకం, భోజనం, బస్సు. అప్పుడు అది వేరు. ఒక్కొక్క బోధకుడు పల్లెలో ఒంటరివాడు. కరణం ఒకవైపు, మునసబు ఒకవైపు, బావి దగ్గరికి రానివ్వని ఊరు మరోవైపు. మూడు నెలలు ఇతరుల దుఃఖం మోసినవాడు, తనలాగే మోసినవాళ్ళ మధ్య కూర్చుని తన పల్లె సంగతి తన నోటితో చెప్పుకునేవాడు. అంతా వినేవాళ్ళు. పాటలు పాడేవాళ్ళు, కొత్తగా కొంత నేర్చుకునేవాళ్ళు, కలిసి తినేవాళ్ళు, మళ్ళీ ఊరికి నడిచేవాళ్ళు.

రెండోది ఆ 1878 జూలై 3.

కరువు ఉన్నన్నాళ్ళు, సుమారు 15 నెలలు, క్లౌ గారు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని. సహాయం అయిపోయింది, డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళండి అని చెప్పాక కూడా జనం వస్తూనే ఉన్నారు. మాకు రూపాయి వద్దు, కష్టపడి తింటామని చేతుల్లో కాయలు కాచిన చోట్లు చూపించారట. ఇక ఆపడానికి తనకేం హక్కుందని ఆయన ఒప్పుకున్నారు. ఒంగోలులో గుంపు చేరకుండా వెల్లంపల్లి రేవు దగ్గరికి రమ్మన్నారు. జూలై 2న బాప్తిస్మాలు మొదలయ్యాయి, 3వ తారీఖు అన్నింటికంటే పెద్దది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ రోజు క్లౌ గారు నీళ్ళలో దిగి ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఇచ్చింది అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. ఆరుగురూ ఒకేసారి దిగలేదు. ఇద్దరు నీళ్ళలో, నలుగురు గట్టు మీద. ఆ ఇద్దరూ అలసిపోగానే పైకి వచ్చేవాళ్ళు, మరో ఇద్దరు దిగేవాళ్ళు. ఉదయం ఆరు గంటల వేళ మొదలుపెట్టి పదకొండు దాకా ఇచ్చారు. అప్పుడు అందరూ ఆపేశారు. ఎండ వేళ. రెండు గంటలకు మళ్ళీ మొదలుపెట్టి ఐదింటికి ముగించారు. 2,222.

ఈ వివరం నేను సెమినరీలో చదువుకున్నదే. పరీక్షలో రాసి ఉంటాను కూడా. కానీ ఆశా సహోదరి ప్రశ్న తర్వాత మళ్ళీ చదివినప్పుడు మొదటిసారి గట్టు మీద నలుగురు నా కళ్ళకు కనబడ్డారు. బట్టలు తడిసి, చేతులు వణుకుతూ, ఏ పనీ చేయకుండా కూర్చున్న నలుగురు. బాప్తిస్మం కోసం వేలమంది వరుసలో ఉన్నారు. ఆ నలుగురిలో ఒక్కరైనా "ఇంతమంది ఆత్మలు ఎదురుచూస్తుంటే నేను కూర్చోవడమా" అని నీళ్ళలోకి పరుగెత్తలేదు. మధ్యాహ్నం మూడు గంటలు అందరూ ఆగారు. తెలుగు క్రైస్తవ చరిత్రలో అంత పెద్ద పని జరిగిన రోజున కూడా, పనివాళ్ళలో సగానికి పైగా ఎప్పుడూ గట్టు మీదే ఉన్నారు. నాకు తెలిసి ఏ ఉజ్జీవ సభలోనూ ఎవరూ గట్టు మీద వాళ్ళ గురించి ప్రసంగించలేదు.

మన జిల్లా సంగతి కూడా ఒక మాట. 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టినవారు దక్షిణ రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ బ్రదరెన్ వారు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు. వాళ్ళ తర్వాత 1899లో అమెరికా నుంచి అదే సంఘం తరఫున ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు వచ్చారు. రెండేళ్ళకే, 1901లో, ఆరోగ్యం చెడి వెనక్కి వెళ్ళిపోయారు. మన కొలతలో అది ఓటమి. భాష నేర్చుకోవడానికే రెండేళ్ళు చాలవు. అయితే ఆ హీబర్ట్ గారే తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ సంఘపు విదేశీ మిషను బోర్డు కార్యదర్శిగా ఉన్నారు. పొలంలో కూలబడ్డవాడు, పొలానికి మనుషులను పంపే చోట కూర్చున్నాడు. కూలబడటం ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆ కుర్చీలో ఉండటం తక్కువ మేలు కాదని నా అభిప్రాయం.

ఇక ఈ కాలానికి వద్దాం. ఈ అలసటకు ఒక పేరుంది, దాన్ని బర్నౌట్ అంటున్నారు. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు 1974లో దాని మీద మొదటి వ్యాసం రాశాడు. చిన్నప్పుడు నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన యూదుడు. న్యూయార్కులో పగలంతా సొంత ప్రాక్టీసు చూసుకుని, రాత్రుళ్ళు పేదల ఉచిత క్లినిక్‌లో కూలి లేకుండా పనిచేసేవాడు. ఆ క్లినిక్‌లోని మంచి మనుషులే ఒక్కొక్కరుగా ఆరిపోవడం చూశాడు. తనూ ఆరిపోయాడు. ఆ తర్వాతే రాశాడు. ఆయన తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే పరిశోధకురాలు దీనికి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో, మనసులో ఏమీ మిగలకపోవడం, ఎదుటి మనిషి పట్ల మొద్దుబారడం, నేను చేసేదంతా వ్యర్థం అనిపించడం. రెండో గుర్తు చదవగానే నాకు చెప్పులు వేసుకుంటూ ఆగిన ఆ సహోదరి గుర్తొచ్చింది. ఏడుపు రాకపోవడం. ఆమె విశ్వాసం తగ్గలేదు. నూనె అయిపోయింది, వత్తి కాలుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన జాబితాలో చేర్చింది, రోగంగా కాదు, పని వల్ల కలిగే స్థితిగా. ఈ తేడా మనకు ముఖ్యం. పని వల్ల వచ్చినది పనిని సర్దితేనే తగ్గుతుంది. రోగిని మాత్రమే సర్దితే తగ్గదు. మన దేశంలో ఆశా కార్యకర్తలు సుమారు పది లక్షల మంది. 2005లో మొదలైన పథకం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళను సత్కరించింది కూడా. కానీ నేటికీ వాళ్ళను స్వచ్ఛంద కార్యకర్తలు అనే అంటారు, ఇచ్చేదాన్ని జీతం అనకుండా ప్రోత్సాహకం అంటారు. సెలవు ఎవరిస్తారు? బోధకుడి ఓడ సంగతి చెప్పాను కదా. ఇది ప్రార్థన విషయం మాత్రమే కాదు, న్యాయం విషయం కూడా. యిత్రో తన అల్లుడైన మోషేను చూసి, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్న అర్థంలో మందలించాడు. ఆ అధ్యాయాన్ని మనం నాయకత్వ పాఠంగా చెప్తాం. మామ అల్లుడి ముఖం చూసి భయపడిన పాఠంగా ఎందుకు చెప్పమో.

అలసట ఒకటి, గాయం ఇంకొకటి. మన సంఘంలో పోలీసు కానిస్టేబుల్ ఉన్నారు, 108లో పనిచేసిన తమ్ముడున్నాడు, ప్రసూతి వార్డులో నర్సమ్మలున్నారు. రోడ్డు మీద చూసిన ఒక దృశ్యం రాత్రి కలలో మళ్ళీ మళ్ళీ రావడం, ఆ దారిన వెళ్ళలేకపోవడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, ఇవి నెలల తరబడి ఉంటే అది గాయం. విశ్రాంతి ఒక్కటే దానికి చాలదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. దయ్యం పట్టిందని, పాపం దాచుకున్నాడని ఎవరూ అనవద్దు. నా సంఘంలో అంటే నేను ఊరుకోను. దూరం వెళ్ళలేనివాళ్ళకు ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే ఫోన్ సేవ ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. ఈ నంబరు మన గుడి తలుపు పక్కన అతికించాను. మొదట్లో ఒక పెద్దాయన "గుడి గోడ మీద ఫోన్ నంబరెందుకు" అన్నారు. నెల తర్వాత ఆయనే అది రాసుకుంటుంటే చూశాను, అడగలేదు.

ఏలీయా సంగతి మీకు తెలుసు. కర్మెలు మీద అగ్ని దిగిన మర్నాడే ప్రాణభయంతో పారిపోయి, బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఏమన్నాడు? ప్రార్థన చెయ్యమనలేదు. లేచి తినమన్నాడు. రొట్టె, నీళ్ళు ఉన్నాయి. మళ్ళీ పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి తినిపించాడు. మందలింపు లేదు. ఆ తర్వాత ప్రభువు అతనికి ఎలీషాను చూపించాడు, అంటే నీళ్ళలోకి దిగే రెండో మనిషిని. నేను ఆ సహోదరికి ఉపవాసం చెప్పాను. దేవుడు ఏలీయాకు భోజనం పెట్టాడు. తేడా చూడండి.

మూడు ఆదివారాల తర్వాత ఆమె ఇంటికి మేమిద్దరం వెళ్ళాం. క్షమాపణ అడిగాను. "అయ్యగారూ మీరడుగుడేంది" అని ఆమె కంగారు పడింది. మా అమ్మగారు కూర గిన్నె తీసుకువెళ్ళింది. ఆ రోజు ప్రార్థన చివర్లో చేశాం, చిన్నదే. అంతకు ముందు రెండు గంటలు ఆమె చెప్పింది, మేం విన్నాం. ఏ ఇంట్లో ఎవరు, ఎన్ని గంటలకు, ఏ మంచం మీద. ఆమెకు అన్నీ గుర్తున్నాయి. రిజిస్టరులో ఒక వరుసలో రాసినవన్నీ ఆమె లోపల వరుసగా ఉన్నాయి.

ఆ తర్వాతే నెలకొక సోమవారం సాయంత్రం కూడిక మొదలుపెట్టాం. ఒంగోలులో మూడు నెలలకొకసారి జరిగినదే, మన స్థాయిలో. ఆశాలు, నర్సులు, కానిస్టేబుల్, అంగన్‌వాడీ టీచర్లు వస్తారు. మన విశ్వాసులు కానివాళ్ళూ ఇద్దరు వస్తారు. ప్రసంగం ఉండదు, అది నాకు కష్టంగానే ఉంది. టీ, పల్లీలు. ఎవరికైనా చెప్పాలనిపిస్తే చెప్తారు, లేకపోతే కూర్చుంటారు. మొదటి రెండు నెలలు ఎవరూ నోరు విప్పలేదు. మూడో నెల కానిస్టేబుల్ సోదరుడు కాలువలోంచి తీసిన ఒక బిడ్డ గురించి చెప్పాడు. పదకొండేళ్ళ కిందటి సంగతి. ఇంట్లో కూడా చెప్పలేదట.

వచ్చినవాళ్ళు తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒకరి ఇంట్లో కష్టం వచ్చినా, ఒకరికి ఊరికే ఆగాలనిపించినా, పక్క ఊరి ఆశా రెండు రోజులు ఆమె ఇళ్ళు తిరుగుతుంది. పై అధికారికి ఒక మాట చెప్పి చేస్తున్నారు. నాకూ ఒక ఏర్పాటు చేశారు. సోమవారం ఉదయం నా ఫోన్ సంఘ పెద్ద ఒకాయన దగ్గర ఉంటుంది. మొదటి సోమవారం నాలుగుసార్లు ఆయన ఇంటికి వెళ్ళి అడిగాను, ఎవరైనా చేశారా అని. ఇప్పుడు ఒక్కసారే వెళ్తున్నాను.

ఆ సహోదరి గత నెల కూడిక ముగిసే వేళకు వచ్చింది. ఆ వారం ఆమె వంతు కాదు, పక్క ఊరి అమ్మాయి తిరుగుతోంది. మధ్యాహ్నం పడుకుని లేచేసరికి చీకటి పడిందట, అందుకే ఆలస్యమైందని నొచ్చుకుంది. టీ చల్లారిపోయింది. మా అమ్మగారు మళ్ళీ పెట్టి తెచ్చింది. గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని, వాళ్ళ పెద్దనాయన చిన్నప్పుడు తనను భుజాల మీద ఎక్కించుకుని సాగర్ గేట్లు చూపించడానికి తీసుకుపోయిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మేమెవరం మాట్లాడలేదు.